ట్యూన్ చేసిన కారుకు తక్కువ ఖర్చులో డేటా లాగింగ్ సాఫ్ట్‌వేర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ నుంచి భీమవరం దాకా కారు రీమ్యాప్ (ఎక్కువ శక్తి కోసం ఇంజిన్ ప్రోగ్రాము మార్పించడం) చేయించుకున్న మిత్రులు డేటా లాగింగ్ గురించి, అంటే నడిచే ఇంజిన్ విలువలను ఫైలుగా రాసి ఉంచడం గురించి, నన్ను అడిగే సందేహాలు కొన్నేళ్లుగా దాదాపు ఇవే. అందరూ ముందుగా అడిగేది "ఏ యాప్ కొనాలండీ?" అని. అది చివర అడగవలసిన ప్రశ్న. మీ ఇంజిన్‌లో ఏ విలువలు చూడాలి, వాటిని సెకనుకు ఎన్నిసార్లు చూడాలి అనేవి తేలితే, ఏ సాఫ్ట్‌వేర్ కావాలో, దానికి ఎంత ఖర్చు పెట్టాలో తేలడానికి ఎంతో సేపు పట్టదు. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను.

## కొనే ముందు

రీమ్యాప్ తర్వాత కారు బాగానే లాగుతోంది. ఇంకా లాగింగ్ ఎందుకు?

కంపెనీ నుంచి వచ్చిన ఇంజిన్ ప్రోగ్రాములో నాసిరకం పెట్రోలుకు, మండే ఎండకు, నిండుగా మనుషులను ఎక్కించుకుని ఏసీ వేసుకుని వెళ్లే ప్రయాణానికి కొంత వెసులుబాటు వదిలిపెట్టి ఉంటారు. రీమ్యాప్ అంటే ఆ వెసులుబాటులో కొంత భాగాన్ని శక్తిగా మార్చుకోవడం. మిగిలినది ఎంత అనేది స్టీరింగ్ వెనక కూర్చున్నవారికి తెలియదు, ఎందుకంటే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండటం) మొదలైన వెంటనే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) టైమింగును (ప్లగ్ స్పార్క్ వచ్చే క్షణాన్ని) వెనక్కి తగ్గించి ఇంజిన్‌ను కాపాడుకుంటుంది. మనకు మాత్రం "ఇవాళ పికప్ కొంచెం తక్కువగా ఉంది" అనిపించి ఊరుకుంటుంది. అలా నెలల తరబడి సర్దుకుంటూ నడిచే కార్లు ఉన్నాయి. చెక్ ఇంజిన్ లైటు వెలగకముందే ఆ సర్దుబాటును అంకెల్లో చూపేది లాగ్ ఒక్కటే.

మా కారులో ఓబీడీ పోర్టు (ఈసీయూతో మాట్లాడే సాకెట్) ఉందా? ఉంటే ఏ యాప్ అయినా పనిచేస్తుందా?

మన దేశంలో బీఎస్4 కార్లకు ఓబీడీ-2 నిబంధన 2013 ఏప్రిల్ నుంచి అమలైంది కాబట్టి, ఆ తర్వాత తయారైన కారులో 16 పిన్నుల పోర్టు ఉంటుంది. చాలా కార్లలో అది స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్ల దగ్గర కనిపిస్తుంది. అంతకు ముందు కార్లలో కూడా పోర్టు ఉండవచ్చు గానీ, వాటిలో కొన్ని పాత కె-లైన్ పద్ధతిలో మాట్లాడతాయి. కె-లైన్ వేగం సెకనుకు 10,400 బిట్లు. కొత్త కార్లలోని క్యాన్ అనే పద్ధతి వేగం సాధారణంగా 5,00,000 బిట్లు. అందుచేత పాత కారుకు ఎంత ఖరీదైన యాప్ కొన్నా సెకనుకు నాలుగైదు రీడింగులకు మించి రావడం కష్టం. టార్చి వేసి పోర్టులోకి చూడండి: 6, 14 స్థానాల్లో లోహపు పిన్నులు ఉంటే క్యాన్ ఉన్నట్టు; అవి ఖాళీగా ఉండి 7వ స్థానంలో మాత్రమే పిన్ను ఉంటే కె-లైన్ అనుకోవచ్చు.

నా ఇంజిన్‌కు ఏ విలువలు తప్పనిసరిగా లాగ్ చేయాలి?

టర్బో పెట్రోలు ఇంజిన్ అయితే ఆర్‌పీఎం, యాక్సిలరేటర్ లేదా థ్రాటిల్ స్థానం, మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం), ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్, ప్రతి సిలిండరుకూ నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల టైమింగ్ తగ్గిన డిగ్రీలు), లాంబ్డా (గాలి, ఇంధనం పాళ్లు చూపే అంకె): ఈ ఏడూ లేకుండా ట్యూన్ బాగుందో లేదో ఎవరూ చెప్పలేరు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) విషయంలో వచ్చిన విలువతో పాటు ఈసీయూ కోరిన విలువ కూడా ఉండాలి. కోరినది 180 కిలోపాస్కల్, వచ్చినది 150 అని పక్కపక్కన చూసినప్పుడే ఎక్కడో గాలి కారుతోందని అర్థమవుతుంది; 150 ఒక్కటే చూస్తే అది తక్కువో సరిపడానో తెలియదు.

డీజిల్ ఇంజిన్‌లో నాక్ రిటార్డ్ ప్రసక్తి లేదు. అక్కడ కోరిన రైలు ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలోని పీడనం), వచ్చిన రైలు ప్రెషర్, బూస్ట్, మాఫ్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచే) సెన్సార్ రీడింగు, కూలెంట్ ఉష్ణోగ్రత ముఖ్యం. పూర్తి లోడులో రైలు ప్రెషర్ కోరిన దానికంటే పడిపోతూ ఉంటే పంపు గానీ, ఫిల్టరు గానీ, ఇంజెక్టర్లు గానీ ట్యూన్ అడిగినంత ఇవ్వలేకపోతున్నాయని అనుమానించాలి. ఎగ్జాస్ట్ వేడిని కొలిచే సెన్సార్ చాలా పాత చిన్న డీజిళ్లలో ఉండదు. అది కావాలంటే విడిగా కె-రకం థర్మోకపుల్ బిగించవలసిందే, ఏ సాఫ్ట్‌వేరూ లేని సెన్సార్‌ను చూపలేదు. బీఎస్6 డీజిల్ అయితే డీపీఎఫ్ రీజెనరేషన్ (పొగ ఫిల్టరులో చేరిన మసిని కాల్చేయడం) జరుగుతోందా లేదా అనే విలువను కూడా చేర్చండి, ఎందుకంటే ఆ సమయంలో తీసిన లాగ్ మామూలు లాగ్‌తో పోలదు.

టర్బో లేని పెట్రోలు కారుకు ఆర్‌పీఎం, టైమింగ్, లాంబ్డా, ఫ్యూయల్ ట్రిమ్ములు (ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం సరిదిద్దుతోందో చెప్పే అంకెలు) చాలు.

ఫ్రీ యాప్‌లో నాక్ రిటార్డ్ అసలు కనిపించడం లేదు. యాప్ లోపమా?

లోపం కాదు. అన్ని కార్లకూ ఉమ్మడిగా నిర్ణయించిన ఓబీడీ విలువల జాబితా కాలుష్య తనిఖీ కోసం పుట్టింది. అందులో ఆర్‌పీఎం, టైమింగ్, మానిఫోల్డ్ ప్రెషర్ వంటివి ఉన్నాయి గానీ సిలిండరు వారీ నాక్ రిటార్డ్ లేదు. ఒక్కో కంపెనీ తన ఈసీయూలో దాన్ని తనకు నచ్చిన చిరునామాలో ఉంచుతుంది. ఆ చిరునామాలు తెలిసిన సాఫ్ట్‌వేర్ మాత్రమే దాన్ని చదవగలదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ వివరణలో "అన్ని కార్లకూ పనిచేస్తుంది" అన్న మాట చూసి తృప్తి పడకండి. మీ మోడల్, మీ ఇంజిన్ పేరు చెప్పి "నాక్ రిటార్డ్, కోరిన బూస్ట్ వస్తాయా?" అని అడిగి, అవునంటే అదే కారు నుంచి తీసిన ఒక నమూనా లాగ్ ఫైల్ పంపమనండి.

రీమ్యాప్ కాదు, ట్యూనింగ్ బాక్స్ పెట్టించాను. లాగ్ చేస్తే సరైన అంకెలే వస్తాయా?

కొన్ని అంకెలు రావు. ట్యూనింగ్ బాక్స్ బూస్ట్ సెన్సార్‌కు లేదా రైలు ప్రెషర్ సెన్సార్‌కు, ఈసీయూకు మధ్య కూర్చుని, అసలు విలువను తగ్గించి ఈసీయూకు చెబుతుంది. "తక్కువగా ఉంది" అనుకున్న ఈసీయూ ఇంకా పెంచుతుంది. బాక్స్ పనిచేసే పద్ధతే అది. ఓబీడీ యాప్ ఈసీయూ నమ్మిన అంకెనే మీకు చూపుతుంది. అందువల్ల లాగ్‌లో బూస్ట్ కంపెనీ కారులాగే ఉండి, అసలు పైపులో ఎక్కువ ఉండవచ్చు. బాక్స్ ఉన్న కారులో ఆ ఒక్క విలువకు విడి గేజ్ పెట్టుకోవడం తప్ప మార్గం లేదు.

లాగింగ్ చేస్తే వారంటీ పోతుందా? ఆర్టీఓ ఇబ్బంది ఉంటుందా?

లాగింగ్ అంటే చదవడమే. ఈసీయూలో ఏదీ మారదు. వారంటీకి ముప్పు తెచ్చేది రీమ్యాప్. ఇంజిన్‌కు చేసే మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తించే సందర్భాలు ఉన్నాయి కాబట్టి, ఆ సంగతి ట్యూన్ చేయించే ముందే తేల్చుకోండి. అయితే ఒక జాగ్రత్త: కొన్ని సాఫ్ట్‌వేర్లలో చదవడంతో పాటు ఈసీయూ సెట్టింగులను మార్చే కోడింగ్, అడాప్టేషన్ వంటి మెనూలు కూడా ఉంటాయి. లాగ్ చేసే రోజున వాటి జోలికి వెళ్లకండి.

## అడాప్టర్ ఎంచుకునేటప్పుడు

ఓబీడీ పోర్టుకు తగిలించే వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ అడాప్టర్ సరిపోదా?

ఎర్రర్ కోడ్ చదవడానికి, కూలెంట్ ఉష్ణోగ్రత చూసుకోవడానికి సరిపోతుంది. ట్యూన్ చేసిన కారులో పూర్తి యాక్సిలరేటర్ లాగ్‌కు సరిపోదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి నేను కొంత మూల్యం చెల్లించాను.

నా టర్బో పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌ను రీమ్యాప్ చేయించిన కొత్తలో చవక అడాప్టర్‌తోనే లాగ్ తీశాను. బూస్ట్ గీత మెట్లు మెట్లుగా వచ్చింది: 162, 162, 162, ఒక్కసారిగా 141, మళ్లీ 141. ట్యూన్ చెడిపోయిందనుకుని ట్యూనర్‌తో రెండు వారాలు వాదులాడాను. చివరికి తెలిసిన వారి దగ్గర మంచి అడాప్టర్ అరువు తెచ్చి, అవే విలువలు మళ్లీ తీస్తే గీత నునుపుగా వచ్చి, 4,200 ఆర్‌పీఎం దాటాక నిదానంగా జారిపోవడం కనిపించింది. అది ప్రోగ్రాము తప్పు కాదు, గాలి లీకు. బానెట్ ఎత్తి చూస్తే ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం చివర నూనె చెమ్మ, దాని మీద అంటుకున్న ఎర్రమట్టి, క్లిప్పు కింద గోరు పట్టేంత సందు. స్క్రూడ్రైవర్‌తో ఒకటిన్నర తిప్పు బిగిస్తే సరిపోయింది. ట్యూనర్‌కు క్షమాపణ చెప్పుకున్నాను.

ఈ చవక అడాప్టర్లలో ఉండేది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన ఈఎల్ఎం327 చిప్పుకు నకలు. అసలు చిప్పు తొలి వెర్షన్‌కు కాపీ రక్షణ లేకపోవడం వల్ల నకళ్లు ప్రపంచమంతా నిండిపోయాయి. పెట్టె మీద పెద్ద వెర్షన్ నంబరు ఉన్నా, ఆ వెర్షన్ చేయవలసిన పనులన్నీ అది చేయగలదని హామీ లేదు. కొన్ని నకళ్లు ఒకేసారి అనేక విలువలు అడిగే ఆదేశాలను సరిగా నిర్వహించలేవు. ఎస్‌టీఎన్ కుటుంబపు చిప్పుతో వచ్చే ఓబీడీలింక్ వంటివి ఖరీదు గానీ వేగం, నమ్మకం వేరు. ఖర్చు పెట్టగలిగినది పది వేలే అయితే, అందులో ఎక్కువ భాగం అడాప్టర్‌కు పెట్టి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడమని చెబుతాను, తలకిందులుగా కాదు.

సెకనుకు ఎన్ని రీడింగులు వస్తే చాలు?

లెక్క వేసుకుందాం. రెండో గేరులో 2,000 నుంచి 6,000 ఆర్‌పీఎం దాకా వెళ్లడానికి ఐదు సెకన్లు పడుతుందనుకోండి. అడాప్టర్ సెకనుకు మొత్తం ఎనిమిది రీడింగులు ఇస్తూ, మీరు ఎనిమిది విలువలు ఎంచుకుంటే, ఒక్కో విలువకు సెకనుకు ఒక్క రీడింగే వస్తుంది. అంటే మొత్తం పరుగులో బూస్ట్ ఐదు చుక్కలు మాత్రమే. అర సెకను పాటు వచ్చి పోయే నాక్ రిటార్డ్ ఆ చుక్కల మధ్య మాయమవుతుంది. నా అనుభవంలో ఒక్కో విలువకు సెకనుకు కనీసం ఐదు, వీలైతే పది రీడింగులు ఉండాలి. క్యాన్ ఉన్న కార్లలో ఉమ్మడి ఓబీడీ విలువలను ఒకే ప్రశ్నలో ఆరు దాకా అడగవచ్చు. అలా అడగగల సాఫ్ట్‌వేర్, అడాప్టర్ రెండూ ఉంటే వేగం బాగా పెరుగుతుంది. అది లేకపోతే విలువలు తగ్గించి రెండు మూడు పరుగుల్లో విడివిడిగా తీయండి, కానీ ఆర్‌పీఎం మాత్రం ప్రతిసారీ ఉండాలి.

నాది ఐఫోన్. ఏ అడాప్టర్ కొనాలి?

సాధారణ బ్లూటూత్ నకలు అడాప్టర్ ఐఫోన్ యాప్‌లతో కలవదు. బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై రకం తీసుకోండి. వైఫై రకం వాడుతున్నంతసేపు ఫోను దానికే కట్టుబడి ఉండటం వల్ల ఇంటర్నెట్ అందకపోవచ్చు. నేనైతే పాత ఆండ్రాయిడ్ ఫోనొకటి లాగింగ్‌కే కేటాయించమంటాను.

అడాప్టర్‌ను పోర్టులో ఎప్పుడూ పెట్టి ఉంచవచ్చా?

తీసేయడం మంచిది. పోర్టులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి తాళం తీసినా చవక అడాప్టర్ కొంచెం కొంచెంగా బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. వారం రోజులు కారు కదలకపోతే పొద్దున్నే స్టార్టు కాదు. పైగా వీటిలో చాలా వాటికి 1234 వంటి పాస్‌వర్డే ఉంటుంది. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పిన్నుల మీద, ఈసీయూ ఎర్తు బోల్టుల దగ్గర ఆకుపచ్చ చిలుము పట్టడం మామూలే. లాగింగ్ మధ్యలో కనెక్షన్ తెగిపోతూ ఉంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునే ముందు ఎర్తు బోల్టు విప్పి శుభ్రం చేయించండి.

## సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు

తక్కువ ఖర్చులో మొదలుపెట్టడానికి ఏది మంచిది?

ఆండ్రాయిడ్‌లో టార్క్ ప్రో, ఆండ్రాయిడ్‌తో పాటు ఐఫోన్‌లో కార్ స్కానర్ అనే యాప్: ఈ రెండింటితో మొదలుపెట్టినవారు నాకు తెలిసి ఎక్కువ. టార్క్ ప్రో ఒక్కసారి కొంటే చాలు. లాగ్‌ను సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్ వంటి వాటిలో తెరుచుకునే పట్టికగా) ఇస్తుంది, కొత్త విలువల చిరునామాలు మనమే చేర్చుకోవచ్చు. కార్ స్కానర్‌లో కంపెనీల వారీగా ప్రొఫైళ్లు ఉండటం కొత్తవారికి సులువు. ఏ యాప్ తీసుకున్నా మూడు సంగతులు చూడండి: సీఎస్‌వీగా ఫైలు బయటకు వస్తుందా, కోరిన విలువలు మాత్రమే ఎంచుకోగలమా, ప్రతి వరుసలోనూ సమయం నమోదవుతుందా. అందమైన మీటర్ల బొమ్మలకు డబ్బు పెట్టకండి.

పోలో, ర్యాపిడ్, ఆక్టేవియా వంటి కార్లకు వేరే సాఫ్ట్‌వేర్ కావాలా?

సాధారణ యాప్‌తో మొదలుపెట్టవచ్చు గానీ, ఫోక్స్‌వ్యాగన్ బృందపు కార్లలో లోతైన విలువలు కావాలంటే రాస్-టెక్ వారి వీసీడీఎస్ దారి చూపుతుంది. దాని కేబుల్ ఖరీదైనదే. అయితే మూడు కార్లకు, పది కార్లకు పరిమితమైన లైసెన్సులు కూడా ఉన్నాయి కాబట్టి ముగ్గురు మిత్రులు కలిసి ఒకటి కొనుక్కోవడం తెలివైన పని. ఉచితంగా దొరికే వీసీడీఎస్-లైట్ పాత కె-లైన్ కార్ల కోసం. మన దగ్గర తిరిగే పోలోకు అది పనికిరాదు, దాన్ని దింపుకుని సమయం వృథా చేసుకోకండి. ఫోనుతోనే నడిచేది కావాలంటే ఓబీడీలెవెన్ ఉంది, అందులో కొన్ని పనులకు డబ్బు కట్టాలి.

ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేసింది. ఫిగో, ఎకోస్పోర్ట్ ఉన్నవాళ్లం ఏం చేయాలి?

ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినా, లాగింగ్ విషయంలో ఆ కార్ల యజమానులే అదృష్టవంతులు. ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ విండోస్ ల్యాప్‌టాప్‌లో విలువలు చదవడానికి ఉచితం, ఫోర్డ్ సొంత చిరునామాలు దానికి తెలుసు. ఫోను కోసం ఉన్న లైట్ వెర్షన్‌కు కొంత చెల్లించాలి. స్విచ్ ఉన్న ప్రత్యేక అడాప్టర్ కావాలని చెబుతారు గానీ, అది డోర్లు, ఆడియో వంటి రెండో నెట్‌వర్క్ కోసం. ఇంజిన్ లాగ్ ఒక్కటే కావాలంటే ఆ స్విచ్ అవసరం లేదు.

లీనియా, పుంటో?

మల్టీఈసీయూస్కాన్ చూడండి. ఫియట్ కార్ల కోసమే తయారైంది, పరిమితులతో ఉచిత వెర్షన్ ఉంది.

స్టాండ్‌అలోన్ ఈసీయూ (కంపెనీ ఈసీయూకు బదులు విడిగా కొనేది) పెట్టాను. ఓబీడీ యాప్‌లు ఎందుకు కలవడం లేదు?

మెగాస్క్విర్ట్, ఆర్డ్యునో మెగా బోర్డు మీద నడిచే స్పీడ్యునో వంటి వాటికి ఓబీడీ అడాప్టర్‌తో పని లేదు. అవి ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో నేరుగా మాట్లాడతాయి. అక్కడ లాగ్ వేగం ఓబీడీతో పోల్చలేనంత ఎక్కువ. ప్రాథమిక వెర్షన్ ఉచితం. ఇంధన పట్టికను తనంతట తానే సరిదిద్దే సౌకర్యం కావాలంటే రిజిస్టర్ చేసుకోవాలి, ఆ డబ్బు దండగ కాదు. లాగ్ చూడటానికి మెగాలాగ్‌వ్యూయర్ ఉంది. అది ఇతర యాప్‌ల సీఎస్‌వీ ఫైళ్లను కూడా తెరుస్తుంది కాబట్టి మామూలు కారు ఉన్నవారికీ ఉపయోగమే.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, నకిలీ కేబుల్ కలిపి చవకగా ఇస్తున్నారు. కొనవచ్చా?

వద్దు. ఆ ఫైళ్లను ఎక్కించడానికి ముందు యాంటీవైరస్ ఆపమంటారు, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. అధికారిక అప్‌డేట్ వేస్తే నకిలీ కేబుల్ పనిచేయడం మానేయవచ్చు. అంతకంటే ముఖ్యం, అది చూపే అంకెను బట్టి మీరు లక్షల విలువైన ఇంజిన్ గురించి నిర్ణయం తీసుకోబోతున్నారు. డబ్బు లేకపోతే నిజాయితీగా ఉచితంగా ఇచ్చేవి ఉన్నాయి, వాటితో సరిపెట్టుకోండి.

## రోడ్డు మీద

మన దగ్గర పూర్తి యాక్సిలరేటర్ లాగ్ ఎక్కడ తీయాలి?

కాలువ గట్టు రోడ్ల మీద మాత్రం ఎప్పుడూ వద్దు. ఒక పక్క నీళ్లు, మరో పక్క చేలు, మలుపు చాటున గడ్డి మోపుతో సైకిలో, రొయ్యల లారీయో ఉంటుంది. యానాం ఎదుర్లంక వారధి, సిద్ధాంతం వంతెన వంటి చోట్ల కూడా వద్దు. 16వ నంబరు జాతీయ రహదారి మీద రావులపాలెం, తణుకు మధ్య ఊళ్లకు దూరంగా ఉన్న తిన్నని భాగంలో, తెల్లవారాక, వెనక ఎవరూ లేనప్పుడు, రెండో గేరులో, బోర్డు మీద ఉన్న వేగ పరిమితిలోపు ఒక్క పరుగు: రోడ్డు మీద ఇంతకు మించి చేయకండి. చాలా చిన్న కార్లు రెండో గేరులో 6,000 ఆర్‌పీఎం దగ్గర కూడా గంటకు 100 కిలోమీటర్లు దాటవు. శీతాకాలపు పొద్దుటి మంచులో అసలే వద్దు. పై గేర్లలో లాగ్ కావాలంటే డైనో (కారును రోలర్ల మీద నడిపి శక్తిని కొలిచే యంత్రం) మీద తీయించండి, లేదా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే వంటి ట్రాక్‌లలో అనుమతి దొరికిన రోజున తీయండి. డ్రైవరు ఫోను చూడకూడదు. లాగ్ నొక్కే పని పక్కన కూర్చున్నవారిది.

ఒక మంచి లాగ్‌కు పద్ధతి ఏమిటి?

కనీసం ఇరవై నిమిషాలు మామూలుగా నడిపి కూలెంట్‌తో పాటు ఇంజిన్ ఆయిల్ కూడా వేడెక్కనివ్వండి. ఏసీ ఆపండి. రెండో గేరులో 2,000 దగ్గర నిలకడగా వెళ్తూ లాగ్ మొదలుపెట్టి, రెండు సెకన్లు ఆగి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా కాకుండా అర సెకనులో పూర్తిగా తొక్కి, మీ ఇంజిన్ పరిమితికి కొంచెం ముందే వదిలేయండి. మధ్యలో కాలు ఎత్తితే ఆ లాగ్ పారేయండి. మళ్లీ పరుగు తీసే ముందు ఐదు నిమిషాలు నిదానంగా నడిపితే ఇన్‌టేక్ గాలి చల్లబడుతుంది. వీలైతే రీమ్యాప్‌కు ముందే ఇలాంటి లాగ్ ఒకటి తీసి దాచుకోండి. రేపు అనుమానం వస్తే పోల్చుకోవడానికి మీ కారుదే, మీ రోడ్డుదే ఒక కొలబద్ద ఉంటుంది.

ఎండాకాలంలో లాగ్ మధ్యలోనే ఆగిపోతోంది. ఎందుకు?

అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను వేడెక్కి తనను తాను నెమ్మది చేసుకుంటుంది లేదా ఆగిపోతుంది. నీడలో, ఏసీ గాలి తగిలే చోట పెట్టండి. పరుగుకు ముందు మాత్రమే ఏసీ ఆపితే చాలు. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు సెట్టింగును తీసేయండి.

## లాగ్ చదివేటప్పుడు

మానిఫోల్డ్ ప్రెషర్ 255 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతోంది. సెన్సార్ పోయిందా?

పోలేదు. ఉమ్మడి ఓబీడీ జాబితాలో మానిఫోల్డ్ ప్రెషర్‌కు ఒకే ఒక బైటు కేటాయించారు. అందులో పట్టే పెద్ద అంకె 255 కిలోపాస్కల్. ట్యూన్ చేసిన డీజిల్ అంతకు మించి వెళ్లినా యాప్ 255 దగ్గరే ఆగిపోతుంది. మీ కంపెనీ సొంత చిరునామా నుంచి చదివే సాఫ్ట్‌వేర్ వాడితే అసలు విలువ కనిపిస్తుంది.

యాప్‌లో 190 చూపుతోంది, గేజ్‌లో 0.9 బార్. ఏది నిజం?

రెండూ నిజమే. యాప్ చూపేది వాతావరణ పీడనంతో కలిపిన మొత్తం; గేజ్ చూపేది అంతకు పైన ఉన్నది. మన డెల్టా దాదాపు సముద్ర మట్టంలో ఉంది కాబట్టి ఇక్కడ వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్. 190లో నుంచి 101 తీసేస్తే 89, అంటే దాదాపు 0.9 బార్. సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరులో వాతావరణం సుమారు 91 మాత్రమే. అక్కడి ట్యూనర్ ఫోనులో బూస్ట్ అంకె చెబితే అది మొత్తమా, పైనున్నదా అని తప్పక అడగండి. ఇంకో ఉపయోగం ఉంది: ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి చూడండి. అమలాపురంలో నిలిపిన కారు ఆ స్థితిలో 100 చుట్టుపక్కల చూపాలి. 92 అనో 108 అనో చూపితే సెన్సార్‌ను అనుమానించవలసిందే.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక ఏఎఫ్ఆర్ (గాలి-ఇంధన నిష్పత్తి) అంకెలు ఎలా చూడాలి?

ఏఎఫ్ఆర్ మానేసి లాంబ్డా చూడండి. శుద్ధ పెట్రోలు పూర్తిగా మండటానికి సరిగ్గా సరిపడే మిశ్రమం 14.7, ఈ10కు సుమారు 14.1, ఈ20కు సుమారు 13.5. గేజ్ 14.7 ఆధారంగా లెక్క కట్టి చూపుతుంటే బంకు మారినప్పుడల్లా మీకు గందరగోళమే. లాంబ్డా మాత్రం ఏ పెట్రోలుకైనా 1 అంటే సరిగ్గా సరిపడే మిశ్రమమే. పూర్తి బూస్ట్‌లో టర్బో పెట్రోలు ఇంజిన్లు సాధారణంగా 0.80 నుంచి 0.88 మధ్య నడుస్తాయి, మీ ట్యూనర్ లక్ష్యం ఎంతో అడిగి తెలుసుకోండి. ఈ10కు అమర్చిన కారులో ఈ20 పోసినప్పుడు లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ కొన్ని శాతాలు ప్లస్ వైపు జరగడం సహజం, దాన్ని గాలి లీకుగా పొరబడకండి. మరొక మాట: పాత కార్లలోని న్యారోబ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్‌కు 1 దగ్గర తప్ప మరెక్కడా చూపు లేదు. అలాంటి కారులో పూర్తి యాక్సిలరేటర్ మిశ్రమం తెలియాలంటే వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టించాలి. ఖర్చులో దీన్ని మాత్రం తగ్గించవద్దు.

టైమింగ్ ఎంత వెనక్కి తగ్గితే భయపడాలి?

ఇంజిన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఒక అంకె చెప్పడం కంటే తీరు చూడమంటాను. ఒక సిలిండరులో ఒక్క డిగ్రీ వచ్చి వెంటనే తిరిగి సర్దుకుంటే అది మామూలు. అన్ని సిలిండర్లలోనూ కలిసి పెరుగుతూ పోతే వేడి లేదా పెట్రోలు కారణం కావచ్చు. ప్రతి పరుగులోనూ ఒకే సిలిండరు మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంటే ప్లగ్, కాయిల్, ఇంజెక్టర్ చూడాలి. అది తేలేదాకా పూర్తి యాక్సిలరేటర్ ఆపండి.

నా కారు సంక్రాంతి రోజుల్లో మంచు విడిపోయాక పొద్దున తీసిన లాగ్‌లో ఇన్‌టేక్ గాలి 36 డిగ్రీలు ఉండగా రిటార్డ్ దాదాపు సున్నా. అదే కారు, అదే మ్యాప్ (ట్యూన్ ప్రోగ్రాము), రాజమహేంద్రవరం మే ఎండలో ట్రాఫిక్ దాటి వచ్చాక ఇన్‌టేక్ 61, నాలుగు సిలిండర్లలోనూ మూడేసి డిగ్రీల రిటార్డ్. రెండు లాగ్‌లనూ ట్యూనర్ ముందు పెడితే, ఇన్‌టేక్ వేడి 50 దాటాక బూస్ట్ కొంచెం తగ్గేలా మ్యాప్ మార్చారు. శీతాకాలంలో బాగుందని ముగించకుండా మే నెలలో మళ్లీ లాగ్ తీయడం ఈ ప్రాంతపు కార్లకు తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒకే వరుసలోని విలువలన్నీ ఒకే క్షణానివేనా?

కావు. చాలా యాప్‌లు ఒక్కో విలువను ఒకదాని తర్వాత ఒకటి అడిగి, అన్నీ వచ్చాక ఒక వరుసగా రాస్తాయి. నెమ్మది అడాప్టర్‌లో మొదటి నిలువు వరుసకు, చివరి దానికి మధ్య అర సెకను తేడా ఉండవచ్చు. ఆర్‌పీఎం 4,500 అని ఉన్న వరుసలోని రిటార్డ్ నిజానికి 4,900 దగ్గరిది కావచ్చు. అందుకే జాబితాలో ఆర్‌పీఎం పక్కనే రిటార్డ్, బూస్ట్ ఉండేలా క్రమం పెట్టుకోండి.

ట్యూనర్‌కు ఏమి పంపాలి?

గ్రాఫ్ స్క్రీన్‌షాట్ కాదు, అసలు సీఎస్‌వీ ఫైలు పంపండి. నిమిషం లాగ్ కొన్ని పదుల కిలోబైట్లే ఉంటుంది, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా వెళ్లిపోతుంది. పంపే ముందు లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరిచి, వాహనపు చాసిస్ నంబరు, జీపీఎస్ నిలువు వరుసలు ఉంటే తీసేసిన కాపీని పంపి, అసలు ఫైలు మీ దగ్గర ఉంచుకోండి. ఫైలు పేరులో తేదీ, గేరు, మ్యాప్ వెర్షన్ రాయండి. దానితో పాటు నాలుగు మాటలు చేర్చండి: ఏ బంకులో ఏ పెట్రోలు పోశారు, బయట ఎంత వేడిగా ఉంది, కారులో ఎందరు ఉన్నారు, ప్లగ్‌లు ఎన్ని కిలోమీటర్ల క్రితం మార్చారు. ఈ నాలుగూ లేకుండా వచ్చిన లాగ్‌ను చూసి మంచి ట్యూనర్ ఎవరైనా తిరిగి అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.